సంగం బ్యారేజీ మీద ఎన్ని పాయింట్లు?

2022 సెప్టెంబరు 6న నెల్లూరు జిల్లా సంగం దగ్గర పెన్నా మీద కొత్త బ్యారేజీ ప్రారంభమైంది. 85 గేట్లు, సుమారు 1.2 కిలోమీటర్ల పొడవు, పైన వాహనాలు పోయే వంతెన. అంతకు ముందు ఇక్కడ ఉన్నది 1882–86 మధ్య కట్టిన పాత ఆనకట్ట. పెన్నాకు వరద వచ్చిందంటే సంగం, పొదలకూరు మధ్య రాకపోకలు ఆగిపోయేవి. ఇప్పుడు బండి నేరుగా అవతలి గట్టు ఎక్కుతుంది. దివంగత మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి పేరు పెట్టిన ఈ బ్యారేజీని కట్టింది ప్రధానంగా సాగునీటి కోసం. 3.85 లక్షల ఎకరాలు దీని మీద ఆధారపడి ఉన్నాయి. మోటార్‌సైకిల్ మీద జిల్లాలు తిరిగేవాళ్లకు మాత్రం ఇది ఇంకో విధంగా కూడా ముఖ్యం. హ్యాండిల్‌కు బిగించిన నావిగేషన్ పరికరంలో మ్యాపు 2022కు ముందుదైతే, ఈ వంతెన ఒకటుందని దానికి తెలియదు.

ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఓపిగ్గా గీసుకున్న దారి, పరికరంలోకి ఎక్కించగానే ఇంకో దారిగా మారిపోయిందని రైడర్లు తరచూ చెబుతుంటారు. పరికరం పాడైందనుకుంటారు, లేదా ఫైలు పాడైందనుకుంటారు. చాలాసార్లు రెండూ బాగానే ఉంటాయి. ఫైల్లో కొన్ని బిందువుల అక్షాంశ రేఖాంశాలు మాత్రమే వెళ్తాయి. వాటి మధ్య రోడ్డు వేసుకునే పని పరికరానిది, అదీ దాని దగ్గరున్న మ్యాపుతో. ఒకే చుక్కలు పెట్టి ఇద్దరి చేతులకు ఇస్తే రెండు ముగ్గులు వచ్చినట్టే ఇక్కడా జరుగుతుంది. కాబట్టి ఫైలు ఎలా పంపాలన్న ప్రశ్నకు ముందు, ఎన్ని చుక్కలు పంపుతున్నామో, ఏ రకం చుక్కలు పంపుతున్నామో తెలియాలి.

లెక్క తేలిగ్గా ఉండేందుకు ఒక చిన్న రౌండు తీసుకుందాం. నెల్లూరులో బయల్దేరి ముంబై రోడ్డు మీద బుచ్చిరెడ్డిపాళెం, అక్కణ్నుంచి సంగం, బ్యారేజీ దాటి పొదలకూరు, అటు నుంచి మళ్లీ నెల్లూరు. నెల్లూరు–సంగం, సంగం–పొదలకూరు, పొదలకూరు–నెల్లూరు, ఈ మూడు ముక్కలూ ఒక్కోటి 30 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ ఉంటాయి. మొత్తం 100 లోపే. పొద్దున్నే బయల్దేరితే టిఫిన్ వేళకు ఇంటికొచ్చేయొచ్చు.

మూడు రకాల చుక్కలు

దారి ఫైళ్లలో ఎక్కువమంది వాడేది జీపీఎక్స్. టోపోగ్రాఫిక్స్ అనే సంస్థ 2002లో దీన్ని విడుదల చేసింది. 2004 ఆగస్టులో వచ్చిన 1.1 రూపమే ఇప్పటికీ నడుస్తోంది. ఇరవై ఏళ్లు దాటినా మారని ఫైలు పద్ధతులు కంప్యూటర్ లోకంలో తక్కువ. దీన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మామూలు అక్షరాలే కనిపిస్తాయి. చదవడం రాని రహస్య లిపి ఏమీ ఉండదు.

అందులో మూడు రకాల పాయింట్లు ఉండొచ్చు. వేపాయింట్ అంటే విడిగా ఉన్న ఒక చోటు: గుడి, పెట్రోలు బంకు, బస. రూట్ అంటే వరసలో పెట్టిన కొద్ది పాయింట్లు: ముందు ఇక్కడికి, తర్వాత అక్కడికి. ట్రాక్ అంటే బండి నడిచిన, లేదా నడవాల్సిన గీత మొత్తాన్నీ దగ్గరదగ్గరగా పెట్టిన పాయింట్లతో చెప్పడం.

మన రౌండుకు లెక్క వేద్దాం. రూటుగా రాస్తే నెల్లూరు, బుచ్చి, సంగం, పొదలకూరు, మళ్లీ నెల్లూరు, మొత్తం 5 పాయింట్లు. ట్రాక్‌గా 50 మీటర్లకొకటి పెడితే 100 కిలోమీటర్లకు 2,000 పాయింట్లు. ఎవరో ఇదే దారిలో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో తిరుగుతూ సెకనుకొక పాయింటు రికార్డు చేసి పంపితే, రెండు గంటలకు 7,200. అంటే దాదాపు 14 మీటర్లకు ఒకటి. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, సమయం అన్నీ ఉన్న ఒక ట్రాక్ పాయింటు రమారమి 100 బైట్లు. కాబట్టి అతి పెద్దదైన ఆ 7,200 పాయింట్ల ఫైలు కూడా 700 కిలోబైట్ల చిల్లరే. ఫోనులో తీసిన ఒక్క ఫొటో అంతకు కొన్ని రెట్లుంటుంది. పెద్ద ఫైలని భయపడి పాయింట్లు తగ్గించుకోవాల్సిన అవసరం ఈ రోజుల్లో లేదు.

ఇప్పుడు బ్యారేజీ దగ్గరకు రండి. 1.2 కిలోమీటర్ల వంతెన మీద, సెకనుకొకటి రికార్డైన ట్రాక్‌లో 80కి పైగా పాయింట్లు పడతాయి. 50 మీటర్ల ట్రాక్‌లో 24. రూటులో ఒక్కటీ ఉండదు. సంగంలో ఒకటి, పొదలకూరులో ఒకటి ఉంటాయంతే. నది ఎక్కడ దాటాలో రూటు చెప్పనే లేదు. అది తేల్చే బాధ్యత పరికరం మీద పడింది. దాని మ్యాపులో బ్యారేజీ రోడ్డు ఉంటే అదే పట్టుకుంటుంది. లేకపోతే తనకు తెలిసిన ఇంకో వంతెన వెతుక్కుంటుంది. నెల్లూరు వంతెన మీదుగా తిప్పిందనుకోండి, సంగం నుంచి పొదలకూరుకు 30 కిలోమీటర్లు పోయేది 60 దాటుతుంది. 100 లోపు రౌండు 130కి చేరుతుంది.

తెర మీద ఇంకేదీ చూడకపోయినా ఈ తేడాను మాత్రం బయల్దేరే ముందు చూడాలని నా గట్టి అభిప్రాయం. కంప్యూటర్లో ప్లాన్ చేసినప్పుడు మొత్తం దూరం ఎంతని చూపించింది, పరికరంలోకి ఎక్కించాక ఎంతని చూపిస్తోంది? రెండింటి మధ్య 1, 2 కిలోమీటర్లు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. కంప్యూటరు ఒక మ్యాపుతో, పరికరం ఇంకో మ్యాపుతో లెక్క వేస్తాయి కాబట్టి ఆ మాత్రం మామూలే. 10 కిలోమీటర్లు దాటితే దారిలో ఎక్కడో ఒక వంతెనో, బైపాసో, మలుపో మారిందన్నమాట. గీతను పెద్దది చేసుకుని మొదట్నుంచి చివరిదాకా ఒకసారి వేలితో జరిపి చూస్తే ఎక్కడ మారిందో దొరుకుతుంది. ఇంటి ముందు రెండు నిమిషాల పని ఇది. ఎండలో రోడ్డు పక్కన ఆగి, గ్లవ్స్ తీసి, తెర కనపడక కళ్లు చికిలించుకుంటూ చేస్తే ఇరవై నిమిషాలు పడుతుంది.

మార్పు కనిపిస్తే మందు సులువే. వంతెన మధ్యలో ఒక పాయింటు పెట్టాలి. గట్టు మీద కాదు, సరిగ్గా నది మీద. గట్టు మీద పెడితే పరికరం దానికి ఇటువైపు నుంచి వచ్చి, తాకి, వెనక్కి తిరిగే దారి వేసే అవకాశం ఉంది. నది మధ్యలో పెడితే అక్కడికి చేరడానికి వంతెన ఎక్కడం తప్ప వేరే మార్గం లేదు. మ్యాపులో వంతెనే లేకపోతే అప్పుడూ ఫలితం ఉండదు. పరికరం పాయింటును దగ్గర్లో తనకు తెలిసిన రోడ్డు మీదికి జరుపుకుంటుంది. అలాంటప్పుడు ట్రాకే శరణ్యం. ట్రాకు గీత మ్యాపులో రోడ్డు లేని చోట కూడా గీతగానే కనిపిస్తుంది. పరికరం నోరు మూసుకున్నా కంటితో చూసి నడుపుకోవచ్చు.

ఆగాల్సినవి, ఆగనక్కర్లేనివి

రూటులో మధ్య పాయింట్లు మళ్లీ రెండు తీర్లు. గార్మిన్ పరికరాల్లో వయా పాయింటంటే తప్పకుండా తాకాల్సింది. దగ్గరకొస్తుంటే ప్రకటిస్తుంది. తాకకుండా దాటిపోతే వెనక్కి తిప్పమని గోల పెడుతుంది. షేపింగ్ పాయింటంటే దారిని ఒక పక్కకు లాగడానికి పెట్టింది. దాన్ని దాటేటప్పుడు చప్పుడు చేయదు. బుచ్చిలో టీ తాగాలంటే వయా. బ్యారేజీ మీదుగా పోవాలన్నంతే అయితే షేపింగ్. నది మధ్యలో వయా పాయింటు పెట్టారంటే, వంతెన నడిమధ్య ‘గమ్యం చేరుకుంటున్నారు’ అన్న మాట వినాల్సి వస్తుంది. చాలా ప్లానింగ్ వెబ్‌సైట్లు ఈ తేడా లేకుండా అన్నిటినీ వయాలుగానే పంపేస్తాయి. ఎక్కించాక పరికరంలో వాటిని మార్చుకోవాలి.

ఇంకో సూక్ష్మం ఉంది. గార్మిన్ వాళ్ల బేస్‌క్యాంప్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన రూటులో మనకు కనిపించే పాయింట్ల మధ్య, లెక్కగట్టిన దారి తాలూకు కనిపించని పాయింట్లు కూడా దాగి ఉంటాయి. కంప్యూటర్లోనూ పరికరంలోనూ ఒకే మ్యాపు ఉంటే దారి ఉన్నదున్నట్టు వస్తుంది. మ్యాపుల వెర్షన్లు వేరైతే పరికరం ఆ దాగినవి పక్కన పడేసి మొత్తం మళ్లీ లెక్కగడుతుంది. పోయినసారి చక్కగా పనిచేసిన ఫైలు, మ్యాపు అప్‌డేట్ అయ్యాక తేడాగా నడవడానికి ఇదొక కారణం.

మళ్లీ లెక్కగట్టేటప్పుడు పరికరం మన సెట్టింగులనే వాడుతుంది. ‘అతి తక్కువ దూరం’ అని పెట్టి ఉంటే సంగం చుట్టుపక్కల అదొక తలనొప్పి. ఇక్కడి నుంచే కనిగిరి రిజర్వాయరుకు, కనుపూరు కాలువకు నీళ్లు పోతాయి. కాలువ గట్ల మీద మట్టి దారులు చాలా ఉన్నాయి. మ్యాపులో అవీ గీతలే. 400 మీటర్లు కలిసొస్తుందని బరువైన బండిని వరి పొలాల మధ్య జారుడు గట్టు ఎక్కించే పరికరాన్ని తప్పుపట్టలేం, అడిగింది మనమే. ‘తక్కువ సమయం’ పెట్టుకుని, మట్టి రోడ్లు వద్దని గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. దారి తప్పితే తనంతట తాను మళ్లీ లెక్కగట్టే సౌకర్యాన్ని కూడా ‘అడిగి చేయి’ అన్న స్థితిలో ఉంచుకోవడం మేలు.

మలుపుల దగ్గర లెక్క

ట్రాకుకు ఈ బాధలు లేవు కదా, ఎప్పుడూ అదే పంపితే పోలేదా? చాలావరకు అవును. అయితే దానికీ హద్దులున్నాయి. పాత చేతి గార్మిన్లలో దాచుకున్న ఒక్కో ట్రాక్‌కు 500 పాయింట్లే పరిమితి. 100 కిలోమీటర్లను 500తో భాగిస్తే 200 మీటర్లకొకటి. కొన్ని యాప్‌లు కూడా పాయింట్లను ఇలాగే కుదిస్తాయి. పెన్నా ఒడ్డు మైదానంలో రోడ్డు తిన్నగా ఉంటుంది కాబట్టి పెద్ద నష్టం లేదు. వెలిగొండల వైపు తిరిగితే కథ వేరు. 150 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును 200 మీటర్ల దూరంలోని రెండు పాయింట్లు కలిపే సరళరేఖతో చూపిస్తే, ఆ గీత అసలు రోడ్డుకు 30 మీటర్లకు పైగా పక్కకు పోతుంది. అదే 50 మీటర్లకొక పాయింటు ఉంటే తేడా 2 మీటర్లే. పాయింట్ల మధ్య దూరం నాలుగో వంతైతే తప్పు దాదాపు పదహారో వంతవుతుంది. అందుకే ఘాట్ రోడ్డుకు 50 మీటర్లు దాటొద్దు. మైదానానికి 200 ఉన్నా నడుస్తుంది.

మంచి సాఫ్ట్‌వేర్ ఈ తెలివితోనే కుదిస్తుంది. తిన్నటి రోడ్డు మీద పాయింట్లు తీసేసి, మలుపుల్లో ఉంచుతుంది. 1973లో డగ్లస్, పాయ్‌కర్ అనే ఇద్దరు రాసిన పద్ధతి ఇందుకు ఇప్పటికీ ఆధారం. వాళ్లు మ్యాపుల్లో గీతల్ని సరళం చేయడానికి రాశారు, నేడు బైకు మీద తెరలో అదే పనిచేస్తోంది.

ట్రాకుకు ఉన్న అసలు లోటు మాట. గీత చూపిస్తుంది గానీ, చాలా పరికరాల్లో ‘ముందు ఎడమకు తిరగండి’ అని చెప్పదు. గార్మిన్ జూమో ఎక్స్‌టీ లాంటి వాటిలో ట్రాకును ట్రిప్‌గా మార్చే వీలుంది. అప్పుడు గీతను అంటిపెట్టుకునే మాటలు కూడా చెబుతుంది. నన్నడిగితే ఒకే ఫైల్లో రెండూ పంపడం మంచిది. మాట వినడానికి రూటు, అది నిజం చెబుతోందో లేదో చూసుకోవడానికి దాని కింద రంగు గీతగా ట్రాకు. రెండు గీతలూ విడిపోయిన చోట బండి నెమ్మది చేయాలి.

దశాంశం తర్వాత ఎన్ని అంకెలు

సంగం ఊరు సుమారుగా 14.595 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.743 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఈ అంకెలు ఎంత చెబుతాయో చూద్దాం. సంగం దగ్గర ఒక డిగ్రీ అక్షాంశం 110.6 కిలోమీటర్లు, ఒక డిగ్రీ రేఖాంశం 107.8 కిలోమీటర్లు. దశాంశం తర్వాత రెండంకెలుంటే ఒక్కో మెట్టు 1.1 కిలోమీటర్లు. మూడంకెలకు 110 మీటర్లు. నాలుగుకు 11 మీటర్లు. అయిదుకు 1.1 మీటరు. ఆరో అంకె 11 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా కాదు.

మూడంకెలకు కుదిస్తే పాయింటు ఒక్కో దిశలో 55 మీటర్ల దాకా జరగొచ్చు. ఊరు వెతకడానికి చాలు, రోడ్డు పట్టుకోవడానికి చాలదు. డివైడర్ ఉన్న చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద 55 మీటర్లంటే పాయింటు ఎదుటి వైపు రోడ్డులోనో, సర్వీసు రోడ్డులోనో పడుతుంది. పరికరం మిమ్మల్ని ముందుకు తీసుకెళ్లి యూటర్న్ తిప్పి, ఆ పాయింటు తాకించి, మళ్లీ యూటర్న్ తిప్పుతుంది. కావలి నుంచి నెల్లూరు వచ్చేవాళ్లు కారణం తెలియక తిట్టుకునే చుట్టుతిరుగుడు ఇదే కావచ్చు. అయిదంకెలు తప్పనిసరి. ఆరు రాసినా తప్పులేదు గానీ, ఆకాశం తేటగా కనిపించే చోట మామూలు ఫోను జీపీఎస్సే 5 మీటర్ల అటూఇటూ చూపిస్తుంది కాబట్టి అంతకు మించి రాయడం వల్ల లాభం లేదు.

అంకెల దగ్గర జరిగే పెద్ద పొరపాటు వరస మార్పు. జీపీఎక్స్‌లో అక్షాంశం, రేఖాంశం దేని పేరు దాని పక్కన రాసి ఉంటాయి. గూగుల్ ఎర్త్ వాడే కేఎంఎల్ ఫైల్లోనేమో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత, మధ్య కామా. పేర్లుండవు. ఒక రకం నుంచి ఇంకో రకానికి చేత్తో మార్చేవాళ్లు వరస తారుమారు చేస్తే సంగం ఎక్కడికి పోతుందో తెలుసా? 79.743 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 14.595 డిగ్రీల తూర్పు రేఖాంశం. నార్వేకు చెందిన స్వాల్బార్డ్‌లో, స్పిట్స్‌బెర్గెన్ దీవి ఉత్తరపు అంచు. ఉత్తర ధ్రువానికి 1,150 కిలోమీటర్ల దూరం. ఇంత పెద్ద తప్పయితే వెంటనే తెలుస్తుంది, అదొక అదృష్టం.

తెలియని తప్పు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లది. 14 డిగ్రీల 35 నిమిషాల 42 సెకన్లు అంటే 14.595. దాన్ని 14.3542 అని కొట్టేస్తే, రేఖాంశం 79 డిగ్రీల 44 నిమిషాల 35 సెకన్లను కూడా 79.4435 చేసేస్తే, పాయింటు నైరుతికి దాదాపు 42 కిలోమీటర్లు జరుగుతుంది. ఇదీ నెల్లూరు సీమే, ఇక్కడా రోడ్లుంటాయి, పరికరం అనుమానించదు. హాయిగా దారి వేస్తుంది.

పేరుతో వెతికితే ఇంకో చిక్కు. ప్రయాగ్‌రాజ్‌లో సంగం ఉంది, కర్ణాటకలో కూడల సంగమ ఉంది, వరంగల్ వైపు సంగెం ఉంది. నదులు కలిసే దేశంలో ఈ పేరుకు కొదవలేదు. ఫైల్లో అంకెలు ఉండటమే క్షేమం. పాయింట్లకు పేర్లు పెట్టుకునేటప్పుడు మాత్రం ఒక మాట. జీపీఎక్స్ తెలుగు అక్షరాలను ఒప్పుకుంటుంది, ఒక్కో అక్షర సంకేతానికి 3 బైట్లు తీసుకుంటుంది. కానీ పరికరంలో తెలుగు ఫాంటు లేకపోతే తెర మీద ఖాళీ గళ్లే కనిపిస్తాయి. మనసుకు కష్టంగానే ఉన్నా, అలాంటి పరికరం కోసం పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవాల్సిందే.

సమయం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జీపీఎక్స్‌లో సమయం అంతర్జాతీయ ప్రమాణంలో ఉంటుంది, మన గడియారం కంటే అయిదున్నర గంటలు వెనక. ఉదయం 6కు నెల్లూరు దాటినవాళ్ల ఫైల్లో 00:30 అని కనిపిస్తే కంగారు పడొద్దు.

తీగ, ఫోల్డరు, ఇంపోర్టు

పరికరంలోకి ఎక్కించడానికి మూడు దారులున్నాయి: యూఎస్‌బీ తీగ, మెమరీ కార్డు, ఫోను. తీగతో మొదలుపెడదాం, ఎందుకంటే అది నమ్మకమైంది, ఎక్కువమంది ఇబ్బంది పడేదీ అదే.

మామూలు యూఎస్‌బీ తీగలో 4 లోహపు తీగలుంటాయి. రెండు కరెంటుకు, రెండు సమాచారానికి. చార్జింగుకే తయారైన చవక తీగల్లో కరెంటు రెండే ఉంటాయి. పరికరం చార్జ్ అవుతుంది, కంప్యూటర్లో మాత్రం కనపడదు. ఫైలు ఎక్కడం లేదని పరికరాన్ని రీసెట్ చేసే ముందు తీగ మార్చి చూడండి. తీగ సరైందైతే విండోస్ కంప్యూటర్లో పరికరం పేరుతో ఒక డ్రైవు తెరుచుకుంటుంది. కొత్త జూమోలు ఫోనుల మాదిరి ఎంటీపీ పద్ధతిలో కనెక్ట్ అవుతాయి కాబట్టి మ్యాక్ కంప్యూటర్లో నేరుగా కనపడవు, వేరే చిన్న సాఫ్ట్‌వేర్ కావాలి.

డ్రైవు తెరిచాక లోపలి మెమరీలో జీపీఎక్స్ అనే ఫోల్డరు ఉంటుంది. ఫైలును అందులోకి కాపీ చేయాలి. ఇక్కడితో పని అయిపోయిందని తీగ పీకేసేవాళ్లు చాలామంది. ఫైలు వచ్చి చేరింది, దారి ఇంకా చేరలేదు. పరికరం తెర మీద ట్రిప్ ప్లానర్‌లోకి వెళ్లి, ఇంపోర్ట్ నొక్కి, ఫైలును ఎంచుకుంటేనే అది లెక్కగట్టి దారిగా మార్చుకుంటుంది. ట్రాకయితే ట్రాక్స్ అనే విడి జాగాలో వెతకాలి. ట్రాకు పంపి ట్రిప్ ప్లానర్‌లో, రూటు పంపి ట్రాక్స్‌లో వెతుకుతూ ఫైలు మాయమైందనుకోవడం తరచూ జరుగుతుంది.

ఇంపోర్టు జాబితాలోనే కనిపించకపోతే ఫైలు పేరు చివర చూడండి. మన రైడర్ల మధ్య ఫైళ్లు ఎక్కువగా చేతులు మారేది వాట్సాప్‌లో. డాక్యుమెంటుగా పంపితే పని జరుగుతుంది గానీ, ఒక్కోసారి దిగుమతి చేసుకున్నాక పేరు చివర ఎక్స్ఎంఎల్ అనో టెక్స్ట్ అనో ఇంకో తోక తగులుకుంటుంది. విండోస్ ఆ తోకల్ని దాచిపెడుతుంది కాబట్టి చూడ్డానికి అంతా బాగున్నట్టే ఉంటుంది. ఆ దాపరికాన్ని తీసేసి, చివర జీపీఎక్స్ మాత్రమే ఉండేలా పేరు మార్చాలి.

ఫోను దారి తేలిక. ఎక్స్‌టీకి డ్రైవ్, ఎక్స్‌టీ2కి ట్రెడ్ అనే గార్మిన్ యాప్‌లు బ్లూటూత్ మీదుగా ఫైలును పంపుతాయి. టీ కొట్టు దగ్గర నిలబడి కూడా చేయొచ్చు. ఇంకొక్క మాట గూగుల్ మ్యాప్స్ గురించి. దాంట్లో దారి వేసి లింకు పంపితే చాలనుకుంటారు. మధ్యలో 9 చోట్లకు మించి పెట్టనివ్వదు, జీపీఎక్స్‌గా ఇవ్వదు. దాని తోబుట్టువు మై మ్యాప్స్ కేఎంఎల్ ఇస్తుంది. దాన్ని జీపీఎక్స్‌గా మార్చుకోవాలి.

ఎండ, కుదుపు, చట్టం

ఇంత తంటా ఎందుకు, జేబులో ఫోను ఉండగా? న్యాయమైన ప్రశ్నే. ఆంధ్రలో విడి నావిగేషన్ పరికరం కొన్నవాళ్లు తక్కువే. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మీటియోర్ 350తో పాటు గూగుల్ దారి చూపే చిన్న గుండ్రటి తెర తెచ్చింది. 2023 చివర్లో వచ్చిన హిమాలయన్ 450 తెర ఏకంగా గూగుల్ మ్యాపునే చూపిస్తుంది. రెండింటికీ బుర్ర జేబులోని ఫోనే. దూరప్రయాణాలు చేసేవాళ్లు ఇంకా విడి పరికరం కొనడానికి కారణాలు రెండు. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని యాపిల్ చెబుతుంది. నెల్లూరులో మే నెలలో 40 దాటడం మామూలే, పైగా తెర నేరుగా ఎండలో ఉంటుంది. ఇక కుదుపులు. శక్తిమంతమైన మోటార్‌సైకిల్ ఇంజన్ల కంపనాల వల్ల ఫోను కెమెరా దెబ్బతినొచ్చని 2021 సెప్టెంబరులో అదే సంస్థ హెచ్చరించింది. కెమెరా ఉన్న 80 వేల ఫోనును హ్యాండిల్‌కు బిగించే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

చట్టం అడ్డు రాదు. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం, నడిపేవారి ఏకాగ్రత చెదరకుండా దారి చూసుకోవడం కోసం పరికరాన్ని వాడొచ్చు. అయితే ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాల సంగతి పూర్తిగా వేరు. వాటికి టెలికాం శాఖ అనుమతి కావాలి. అది లేకుండా మన దేశానికి తెచ్చుకున్న విదేశీ ప్రయాణికులు విమానాశ్రయాల్లో పోలీసు కేసుల్లో ఇరుక్కున్నారు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉండి సెలవులకు వచ్చి ఇక్కడ బండి నడపాలనుకునే మనవాళ్లు సామాను సర్దుకునేటప్పుడు ఈ తేడా చూసుకోవాలి. సంకేతాలు అందుకునే పరికరం వేరు, పంపే పరికరం వేరు.

ఆ సంకేతాలు వచ్చేది 20,200 కిలోమీటర్ల ఎత్తులోని జీపీఎస్ ఉపగ్రహాల నుంచి. చోటు తేల్చడానికి కనీసం 4 కనిపించాలి. సమయంలో సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే దూరంలో 300 మీటర్లు తప్పుతుంది. 2000 మే 1 అర్ధరాత్రి దాకా అమెరికా సైన్యం కావాలనే పౌరుల సంకేతాల్లో తప్పు కలిపేది. తేడా 100 మీటర్ల దాకా ఉండేది. అది ఆపకపోయి ఉంటే సంగం బ్యారేజీ మీద పోతున్న బండి తెరలో పెన్నా నీళ్లలో కనిపించేది. ఆ తర్వాత పదమూడేళ్లకు, 2013 జులై 1న, సంగం నుంచి ఆకాశ మార్గంలో 110 కిలోమీటర్ల దూరంలోని శ్రీహరికోట నుంచి మన సొంత నావిక్ వ్యవస్థకు మొదటి ఉపగ్రహం పీఎస్‌ఎల్‌వీ సీ22 మీద వెళ్లింది. అప్పుడు శ్రీహరికోట నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 2022లో తిరుపతి జిల్లాకు మారింది. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01తో, సాధారణ పరికరాలు తేలిగ్గా అందుకునే ఎల్1 సంకేతం నావిక్‌కు చేరింది.

రెండో ఫైలు

ఉపగ్రహాలు ఎన్నున్నా వరద సంగతి ఫైలుకు తెలియదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు దగ్గర జాతీయ రహదారే మూసుకుపోయింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. వానాకాలం, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈ జిల్లాలో తిరిగేవాళ్లు రెండు ఫైళ్లు ఎక్కించుకోవాలి. ఒకటి నది దాటే దారి, రెండోది దాటకుండా వచ్చిన గట్టు మీదుగానే వెనక్కి చేరే దారి. సోమశిల జలాశయం నుంచి ఎంత నీరు వదులుతున్నారన్న వార్త చూసి ఏది తెరవాలో తేల్చుకోవచ్చు. రెండో ఫైలు 200 కిలోబైట్లు, దానికి చోటు దొరకని పరికరం లేదు.

తిరిగొచ్చాక పరికరం రికార్డు చేసిన ట్రాకును మిత్రులకు పంపే అలవాటు మంచిదే. కొత్త మ్యాపుల కంటే అలాంటి ఫైలే ఒక్కోసారి కొత్త వంతెనను ముందు చెబుతుంది. అయితే ఆ ఫైల్లో మొదటి పాయింటు మీ ఇంటి గేటు, 5 మీటర్ల కచ్చితత్వంతో. చివరి పాయింటూ అదే. మీరు ఇంట్లో లేని గంటలు కూడా సెకన్లతో సహా రాసి ఉంటాయి. పంపే ముందు రెండు కొసల నుంచీ ఒక కిలోమీటరు కత్తిరించండి. 50 మీటర్ల ట్రాకైతే అటు 20 పాయింట్లు, ఇటు 20 తీసేస్తే సరి. సమయాల వరసను పూర్తిగా తొలగించినా అవతలివాళ్లు నడిచే దారికి ఏ లోటూ రాదు.